పూలు తగిలించే మేకులు

శుక్రవారం పొద్దున దేవుని ముందర దీపం పెడుతుంటే ఫోన్ వచ్చింది. మా కామర్స్ టీచర్ పోయినారు. నిద్రలోనే పోయినారంట. "మురుగా!" అనుకొని ఆ దీపం దగ్గరే కూర్చుండిపోయినాను.

ప్లస్ టూలో నాకు పాఠం చెప్పినామె. రిటైరైనాక కూడా ట్యూషన్ పిల్లలను వెంటేసుకొని మా ఊరు రాజపాళయం అంతా తిరిగేవారు. మిల్లు గేటు, జవుళి అంగడి, బ్యాంకు, ఎక్కడ బోర్డు కనపడినా నిలబెట్టేసేవారు. "వీళ్ళు తమను గురించి ఏం చెప్పుకుంటా ఉన్నారు? లోపల అట్లే చేస్తా ఉన్నారా? పోయి చూసి రాండి!" షేర్ ఆటోలో కూడా ఇదే పాఠం. డ్రైవర్లు నవ్వేవాళ్ళు.

మేము కొందరు ఆడవాళ్ళం కలిసి ఆస్పత్రులలో గాయాలకు కట్టే గుడ్డ మడిచి ప్యాక్ చేసే చిన్న షెడ్డు నడుపుతాం. ఒకసారి మదురై నుంచి పెద్ద ఆస్పత్రి వాళ్ళు చూసేదానికి వస్తామన్నారు. "మీ లక్ష్యం ఏమిటో బోర్డు రాసి పెట్టండి" అన్నారు. ఆ ఆర్డర్ రాకపోతే షెడ్డు మూసుకోవాల్సిందే. నాకు ఏం రాయాలో తోచలేదు. టీచర్‌కు ఫోన్ చేస్తే పిల్లలతో సహా వచ్చేసినారు.

పిల్లలు నాణ్యత, సేవ, ప్రపంచ స్థాయి అని పెద్ద పెద్ద మాటలు రాసినారు. టీచర్ చదివి, "అబ్బా! సిమెంటు కంపెనీకి కూడా ఇదే సరిపోతుందే!" అన్నారు. పిల్లలే ముందు నవ్వినారు.

అప్పుడే మధ్యాహ్నం షిఫ్టు వాళ్ళు వచ్చినారు. మా వాకిలి పక్కన గోడకు వరుసగా మేకులు ఉంటాయి. గుడి ముందర చెప్పులు విడిచినట్టు, ఒక్కొక్కరే తలలో పూలు తీసి మేకుకు తగిలించి, తలకు గుడ్డ కట్టుకొని లోపలికి పోతున్నారు.

"ఏమ్మా, పూలు ఎందుకు తీస్తారు?" అన్నారు టీచర్.

"రేక రాలి గుడ్డలో పడితే? అది ఎవరి పుండు మీదికి పోతుందో ఏమో టీచర్" అనింది ఒకామె.

టీచర్ చప్పట్లు కొట్టి ఎగిరినంత పని చేసినారు. "అదే! అదే కావాల్సింది! రాయండి పిల్లలూ!"

"మా గుడ్డ ఎవరి పుండు మీదికి పోతుందో మాకు తెలీదు. అందుకే పూలు తీసి లోపలికి వస్తాం." తమిళంలో అంతే రాసి బోర్డు కట్టినాం.

ఆస్పత్రి డాక్టరమ్మ వచ్చింది. బోర్డు చదివింది. మేకుల వైపు చూసింది. తన జడ తడుముకొని, మల్లెపూలు తీసి తగిలించి లోపలికి నడిచింది. నా గుండె ఎట్లా కొట్టుకుందో! ఈ పొద్దు తలుచుకున్నా అట్లే కొట్టుకుంటుంది. ఆర్డర్ మాకే వచ్చింది.

"చేసేదే చెప్తే బోర్డు చిన్నదైనా చాలమ్మా" అన్నారు టీచర్. ఆ తర్వాత ఏటేటా కొత్త పిల్లలను తోడుకొని వచ్చేవారు. చివరి మేకు ఆమెది. తన కనకాంబరాలు దానికి తగిలించినాకే పాఠం మొదలు.

సోమవారం షెడ్డు తెరిస్తే ట్యూషన్ పిల్లలు వాకిట్లో నిలబడి ఉన్నారు. "అక్కా, ఈ ఏడు బోర్డు పాఠం మీరే చెప్పాలి."

నా గొంతు చిన్నది. అయినా స్వామిని తలుచుకొని చెప్పినాను. వెనక నిలబడినవాళ్ళు ముందుకు వచ్చి విన్నారు. చెప్పి తిరిగి చూస్తే, ఎవరు తగిలించినారో, చివరి మేకుకు కనకాంబరాలు. ఇంకా తడి ఆరలేదు.