సోమవారం ఏ వరుసలో ఉంది

మా ఇండోనేషియన్ సార్ పోయారని వాళ్లమ్మాయి మెసేజ్ పెట్టింది. చదవగానే ఏడుపు రాలేదు. ఇక ఆయనకు తెలిసే అవకాశమే లేదన్న నీచమైన ఊరట కలిగింది. ఆ సంగతి చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మా ఆఫీసుకు జకార్తాతో పని పడటంతో లండన్‌లోని ఇల్ఫర్డ్‌లో సాయంత్రం క్లాసులో చేరాను. సార్‌కు డెబ్బై దాటాయి. ఒట్టి అనుమానం మనిషి. అప్పుడే కొన్న పాలు కూడా వాసన చూడందే టీలో పోసేవారు కాదు. మాటల దగ్గరైతే మరీను. గురు, బహాస, ఇస్త్రి అని వాళ్ల భాషలో కనిపించగానే, గురువూ భాషా స్త్రీ మనవేనని నేను తెగ సంబరపడిపోయాను.

"కుర్సి కూడా మీదేనా?" అన్నారు సార్.

మన కుర్చీ, వాళ్ల కుర్సి రెండూ అరబ్బీ నుంచి వచ్చినవేనట. తువ్వాలును వాళ్లు హందుక్ అంటారు, అది డచ్చివాళ్లది. సబ్బు వాళ్లకు సాబున్. అరబ్బులు తెచ్చారో పోర్చుగీసువాళ్లు తెచ్చారో ఆయనకు నమ్మకం కుదరక, దాని పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టుకున్నారు. "ఒకేలా వినిపించిందని చుట్టరికం కలిపేయకు. ముందు అనుమానించు" అనేవారు.

వారాల పేర్లంటే ఆయనకు ప్రాణం. సెనిన్, సెలాస, రబు, కమిస్, జుమాత్, సబ్తు. సోమవారం నుంచి శనివారం దాకా ఆరూ అరబ్బీవి. ఆదివారం మింగు మాత్రం పోర్చుగీసువాళ్ల దొమింగో. "వారంలో ఒక్క రోజూ మాది కాదు. అయినా మాకు రోజులు గడవడం లేదా?" అని నవ్వేవారు.

బ్రెగ్జిట్ ఓటు జరిగిన ఏడాది మా తెలుగు సంఘం ఉగాది సంచికకు ఆయన చేత ఈ సంగతులే రాయించాను. తెలుగులోకి తేవడం నా వంతు. సంఘం పెద్దాయన, మేమంతా అంకుల్ అనేవాళ్లం, చదివి పెదవి విరిచారు.

"అరబ్బోళ్లు, డచ్చోళ్లు మనకెందుకమ్మా? మన మాటలు ఆడిదాక పోయినయని రాయి, చాలు. చదివేటోళ్లు ఖుషైతరు."

వారాలన్నీ కొట్టేశాను. అంకుల్ మీదికి నెట్టడం ఎందుకు, మనవే మిగలడం నాకూ బాగానే అనిపించింది.

సంచిక చూసి సార్ కళ్లద్దాలు సర్దుకున్నారు. "నేను రాసింది రెండు పేజీలు. ఇది ఒకటే ఉందేం?"

"తెలుగులో తక్కువ చోటు పడుతుంది సార్."

"సోమవారం ఏ వరుసలో ఉంది?"

తోచిన వరుస మీద వేలు పెట్టాను. ఆయన ఆ వరుస కింద పెన్సిల్‌తో గీత గీసి, థాంక్స్ చెప్పారు.

ఆ తర్వాత ఆయన ఏం అడిగినా నాకు అనుమానమే. టీ ఎలా ఉందన్నా, ఊళ్లో అమ్మ కులాసానా అన్నా, వెనక ఇంకేదో ప్రశ్న ఉందనిపించేది. ఎన్నిసార్లో చెబుదామనుకున్నాను. నోరు రాలేదు.

అంత్యక్రియలయ్యాక వాళ్లమ్మాయిని పక్కకు పిలిచి అంతా చెప్పేశాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నాన్నకు ఆ వారంలోనే తెలిసిపోయింది. డాక్టరు క్లినిక్‌లో రిసెప్షన్‌లో ఉండే తెలుగమ్మాయి చేత ఆ వరుస చదివించుకున్నారు. అది పేజీ అడుగున, ఉగాది భోజనాలు ఏర్పాటు చేసినవాళ్లకు సంఘం చెప్పిన కృతజ్ఞతలట. నేనే ఫోన్ చేసి నిన్ను దులిపేస్తానన్నాను. వద్దన్నారు. తనంతట తనే చెబుతుంది, చూస్తూ ఉండు అన్నారు."

అన్నిటినీ అనుమానించిన మనిషి, నన్ను మాత్రం రెండేళ్లు నమ్ముకుని కూర్చున్నారు. నేను ఆ నమ్మకానికి తగను.

చివరిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు కూడా ఎదురుగా కూర్చుని "ఇంకేమైనా ఉందా?" అని రెండుసార్లు అడిగారు. నేను వాన గురించీ, ఆఫీసు షిఫ్టుల గురించీ చెప్పి లేచాను. ఓపిక లేకపోయినా గేటు దాకా వచ్చారు. బస్‌స్టాప్ ఎదురుగానే. బస్సు టైముకు రాదని అనుమానం కాబోలు, అందుకే నిలబడ్డారనుకున్నాను. బస్సెక్కి కిటికీలోంచి చూస్తే, నేను మళ్లీ లోపలికి వస్తానన్నట్టు, గేటు తెరిచి పట్టుకునే ఉన్నారు.