నేర్పు కాదట, అలవాటట

“ఆ పొయ్యి ఇంక మెట్ల కింద ఉండడానికి లేదత్తా. పొగకి కిందింటోలు రోజూ తగువుకొస్తన్నారు.”

“రానీ. నీ గేస్ బండ అయిపోయిన్నాడు ఆ కిందింటోలే వండి పెడతారేటి?”

“రెండో బండ కూడా రాయించినాం గదా.”

“రాయిత్తారు, రాయిత్తారు. డబ్బులు సెట్లకి కాస్తన్నాయి గదా మనకి!”

“నువ్వు మిగిల్చింది సాల్లే అత్తా. ఇల్లంతా మసి.”

“మసే. ఆ మసిలోనే నీ మొగుడికి అన్నం ఉడికింది. ఏదీ, ఒక్క బొగ్గుండ సేసి సూపించు. నేర్పుండాల దానికి.”

నా కోడలు గిన్నె కడగడం ఆపి నా వైపు తిరిగింది.

“అందులో నేర్పేటుందత్తా? అది నీకు అలవాటు. అంతే.”

అంతకు ముందు అన్నవన్నీ మరిచిపోయేదాన్నే. ఈ మాట మాత్రం నన్ను పట్టుకుంది. తట్ట తీసుకుని మేడ మీదికి వెళ్లిపోయాను.

బెంగాల్‌లో ఓడరేవు పక్కన, వాట్‌గంజ్‌లో మాది రెండు గదుల వాటా. ఆ పొయ్యి, పాత ఇనుప బకెట్టు లోపల మట్టి మెత్తి చేసింది. అందులో కాల్చేవి బొగ్గు ఉండలు. బొగ్గుల దుకాణం అడుగున మిగిలే పొడి చవగ్గా వస్తుంది. దాన్ని బంకమట్టితో, గంజితో కలిపి ఉండలు చేసి ఎండబెట్టాలి.

రెండో తరగతిలోనే బడి మానేసినదాన్ని, మాటల తేడాలు పుస్తకం చూసి చెప్పలేను. అయినా ఆ మధ్యాహ్నమంతా వాటితోనే గడిచింది. గడప బయట చెప్పులు విడవడం అలవాటు. దాన్ని ఎవరూ నేర్పు అని అనరు. పోనీ నాకున్నది ఒడుపు అందామా అంటే, అది చేతికి ఎప్పుడొచ్చి చేరుతుందో చేతికే తెలియదు. నేర్పు అలా కాదు. ఎవరో ఒకరు దగ్గర కూర్చుని చూపించాలి. నాకు ఒకావిడ చూపించింది.

మా ఆయన డాక్‌లో మూటలు మోసేవాడు. నేను కాపరానికి వచ్చిన కొత్త. శ్రీకాకుళం వైపు పిడకలు కొట్టిన చేయి నాది. బొగ్గు పొడి ముద్దని కూడా పిడకల్లాగే మేడ గోడకి కొట్టాను. తెల్లటి సున్నం మీద నల్లగా చారలు కట్టి జారిపోయాయి. ఇంటి యజమాని కింద నుంచి ఒకటే అరుపులు. పక్క వాటాలోని బెంగాలీ ఆవిడ పైకి వచ్చి చూసి, నవ్వాపుకోలేక కూలబడింది. ఆమె భాష నాకు రాదు, నాది ఆమెకి రాదు. నా మణికట్టు పట్టుకుని, ముద్దని అరచేతిలో ఎంత నొక్కాలో నొక్కి చూపించింది. అక్కా అనడానికి ‘దీదీ’ అన్నదొక్కటే అప్పటికి నాకొచ్చిన మాట.

ఏళ్ల తరబడి ఇద్దరం అక్కడే ఉండలు చేసుకున్నాం. ఆమెవి గుండ్రంగా ఉండేవి, నావి కాస్త బల్లపరుపు. నా ఉండని వేలితో పొడిచి పెదవి విరిచేది. నాకు ఒళ్లు మండేది. తరవాత వాళ్లబ్బాయి ఊరికి ఆ చివర సాల్ట్ లేక్‌లో ఇల్లు తీసుకుని ఆమెని తీసుకెళ్లిపోయాడు. వస్తుంటానంది. రాలేదు.

అప్పటి నుంచి మేడ మీద నేనొక్కదాన్నే. నా ఉండలు ఇప్పటికీ బల్లపరుపే. పెదవి విరిచేవాళ్లు లేరు. కోడలన్నది అబద్ధం కాదేమో అనిపించింది. తప్పు పట్టే మనిషి పక్కన ఉన్నన్నాళ్లూ అది నేర్పే. ఆ మనిషి వెళ్లిపోయాక మిగిలిందే అలవాటు కాబోలు.

సాయంత్రం కిందికి దిగి అడిగాను. నాకు అడగడం చేతకాదు, అయినా అడిగాను.

“రేపొక్క పూట మేడ మీదికొస్తావేటి? సూపిత్తాను.”

“ఎందుకత్తా? ఇంక మనకి వాటితో పనేటుంది?”

ఆ గొంతులో తగువు లేదు. తగువుంటే బాగుండేది.

“అయితే ఒగ్గీ. రేపు నానే తీసేత్తాను.”

పొద్దున్నే పొయ్యినీ ఉండల బుట్టనీ వీధి చివర టీ కొట్టతనికి ఇచ్చేశాను. ఊరికే ఇచ్చాను. పుల్లలు కింద, ఉండలు పైన వదులుగా పేర్చమని చెప్పబోయేసరికి, అతను బుట్టంతా గుమ్మరించి కిరసనాయిలు పోసి అగ్గిపుల్ల గీశాడు. కాసేపు పొగ వచ్చింది. అంటుకున్నాయి. బాగానే అంటుకున్నాయి.

“కూర్చో మాషీ, టీ తాగి వెళ్లు,” అన్నాడు బెంగాలీలో, పిన్నిని పిలిచినట్టు. ఇంట్లో ఉందని చెప్పి వచ్చేశాను. కోడలు నా గ్లాసు మీద మూత పెట్టి పనికి వెళ్లిపోయింది. చల్లారిన టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించాను.