గుసగుస కూడా మాటేనట!

ఆ శుక్రవారం పొద్దున పిల్లలకు గుణింతం చెబుతున్నాను. "కకు కొమ్మిస్తే..." అన్నాక నోట్లోంచి "కు" రాలేదు, ఉత్త గాలి వచ్చింది. గట్టిగా అంటే గొంతు చీలిపోయి కోడిపుంజు కూతలాంటిదేదో వచ్చింది. పిల్లలు పడీపడీ నవ్వారు, నేనూ నవ్వాను. నీళ్ళు తాగి ఇంకాస్త గట్టిగా అందుకున్నాను. ఎవరైనా మొండికేస్తే వాళ్ళకంటే మొండికేయడం నా స్వభావం. ఆ రోజు మొండికేసింది నా గొంతే.

పెళ్ళికి ముందు జగిత్యాల దగ్గర ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచర్‌ని. మా ఆయన రాజేందర్ సౌదీలోని ఖఫ్జీలో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్. ఆయన మీద ఆధారపడ్డ ఇఖామా నాది, ఆ నివాస పత్రంతో ఉద్యోగం చేయకూడదు. ఊరికే కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది. అందుకే మా హాల్లోనే బడి పెట్టాను. జీతం లేదు, ఫీజు లేదు. వచ్చే పదకొండుమందీ ఇంగ్లీషు మీడియం పిల్లలు. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు, అక్షరం చూపిస్తే బిక్కమొహం వేస్తారు.

అప్పటిదాకా అదొక కాలక్షేపం. తర్వాత కంపెనీలకు సర్కారు ఇచ్చే నితాఖత్ రంగులొచ్చాయి. సౌదీవాళ్ళను తగినంతమందిని పెట్టుకోలేదని మావాళ్ళ కంపెనీ గ్రీన్ నుంచి ఎల్లోలోకి జారింది. దాని మీద లెవీ. ఇంట్లో ఉన్న భార్యకూ పిల్లలకూ తలకింత చొప్పున కట్టాలి, అదీ ఏటా పెరుగుతుంది. ఒక్కొక్క ఇల్లే ఖాళీ అవుతోంది. పక్క ఫ్లాట్ లావణ్య కూడా చెప్పేసింది.

"అక్కా, మార్చిల ఎగ్జిట్ గొడుతున్రు మాకు, ఇంటికి పోతున్నం. కోరుట్లల బడి జూసిండు మా అన్న. తెలుగు సదువొస్తెనే అయిదుల గూసోబెడ్తరట, రాకుంటె రెండుల ఎయ్యాల్నట. మా హర్షిణి పదేండ్ల పిల్లక్కా, రెండో తరగతిల గూసుంటదా?"

"నేనున్న కదనే! మార్చి లోపల సదివిస్త సూడు" అన్నాను. మాటిచ్చిన గొంతే నెల తిరక్కుండా దగా చేసింది.

క్లినిక్‌లో ఈజిప్టు డాక్టర్ నోరు తెరిపించి చూసి, "మాఫీ ముష్కిలా మేడమ్, ఎసిడిటీ" అని, భయమేం లేదన్నట్టు మాత్రలిచ్చాడు. నేను శొంఠి కషాయం, మిరియాల పాలు, ఉప్పునీళ్ళ పుక్కిలింత, అన్నీ చేశాను. పొద్దున కాస్త బాగుండేది, సాయంత్రానికి బొంగురు. ఒకరోజు మా చెల్లె ఫోన్ చేస్తే "హలో" అన్నాను. "బావా, అక్కకియ్యరాదు" అంది! మా ఆయన నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయాడు. మర్నాడే సెలవు పెట్టి దమ్మామ్ తీసుకెళ్ళాడు.

అక్కడి ఇఎన్‌టి డాక్టరమ్మది హైదరాబాద్. ముక్కులో స్ప్రే కొట్టి సన్నటి స్కోప్ దింపింది. కళ్ళలో నీళ్ళు ధారకట్టాయి గానీ నొప్పి లేదు. తెర మీద నా వోకల్ కార్డ్స్ కనబడ్డాయి. రెండింటి మీదా ఎదురెదురుగా జొన్నగింజంత బుడిపెలు.

"క్యాన్సరా డాక్టర్?"

"అరే, కాదమ్మా. వోకల్ నాడ్యూల్స్. పార పట్టినోళ్ళ చేతులకు కాయలు గాస్తయి సూడు, గట్లనే. ఏం పని మీది?"

"టీచర్‌ని."

"క్లాస్‌రూమ్‌ల సప్పుడుంటదా?"

నేను ఆలోచిస్తుంటే మా ఆయన అందుకున్నాడు. "పాత విండో ఏసీ మేడమ్. ట్రాక్టర్ లెక్క మొత్తుకుంటది."

"అయితే ఈమె దాంతోని కొట్లాడుతున్నది. గెలుస్తదా? పది రోజులు కంప్లీట్ వాయిస్ రెస్ట్. తర్వాత స్పీచ్ థెరపీ."

దారిలో మా ఆయనకు మంచి అవకాశం దొరికింది. "నోరు మూసుకోమని చెప్పే ధైర్యం నాకు ఇన్నేండ్లు రాలే. డాక్టరమ్మ చెప్పేసింది" అన్నాడు. తిరిగి అనలేకపోయిన బాధ గొంతు నొప్పి కంటే ఎక్కువ.

పది రోజులు నిష్ఠగా ఉన్నాను. పైకి ఒక్క మాట లేదు. కూరగాయల బేరం, లావణ్యతో కబుర్లు, పిల్లల పాఠం, అన్నీ గుసగుసల్లోనే. మళ్ళీ స్కోప్ వేస్తే కార్డ్స్ ఎర్రగా వాచి ఉన్నాయి, బుడిపెలు తగ్గలేదు.

"మాట్లాడినరా?"

"ఒట్టు డాక్టర్, ఒక్క మాట కూడా మాట్లాడలేదు" అన్నాను గుసగుసగా.

"మరి ఇప్పుడేం జేస్తున్నరు?"

ఆమె గట్టిగానే చెప్పింది. "గుసగుస కూడా మాటేనమ్మా. దాంతో గొంతు ఇంకా బిగుసుకుంటది. ఇట్లనే జేస్తే సర్జరీ దాకా పోతది. చేసినంక కూడా పాత గొంతు వస్తదని గ్యారంటీ ఇయ్యలేను." ఖఫ్జీ దాకా కారులో ఏడుస్తూనే వచ్చాను. టీచర్‌కు గొంతు పోతే ఏం మిగులుతుంది?

ఈసారి పెదవి కదపలేదు. బడి మానేద్దామంటే హర్షిణి గుర్తొచ్చింది. సరే, పాత పాఠాలు వాళ్ళనే చదవమందామని పుస్తకం తీసి హర్షిణికి ఇచ్చాను. గడగడా అప్పజెప్పింది. ఆ పిల్ల కళ్ళు పుస్తకం మీద లేవు. నాకేదో అనుమానం వచ్చి చెప్పని పాఠం తిప్పి వేలు పెట్టాను. దిక్కులు చూసింది. పక్కవాడికిచ్చాను, వాడూ అంతే. పదకొండుమందిలో ఒక్కరికీ చదవడం రాదు! ఇన్నాళ్ళూ నేను అరిచాను, వాళ్ళు నా వెనక అరిచారు. చదివింది నా గొంతొక్కటే. అది ఆగేసరికి వాళ్ళ చదువూ ఆగింది. ఆ రోజు పుట్టిన భయం ముందు నా నాడ్యూల్స్ ఏపాటి?

చలికాలం వచ్చింది, మా ఆయన ఏసీ ప్లగ్గే పీకేశాడు. నేను వంటింట్లోంచి పప్పు ప్యాకెట్లు, అప్పడాల కవర్లు, పచ్చడి సీసాలు తెచ్చి హాల్లో పరిచాను. వేలు పెడతాను, వాళ్ళు కూడబలుక్కోవాలి. తప్పయితే తల అడ్డంగా ఊపుతాను. అందించేవాళ్ళు లేక తంటాలు పడ్డారు, రెండుమూడు రోజులు అలిగారు కూడా. ఒకరోజు హర్షిణి సీసా పట్టుకుని, "ఆ... వ... కా... య" అంది. కాసేపు దానివైపే చూసి, "ఆంటీ! ఇది మా ఇంట్ల మామిడికాయ తొక్కే!" అని గెంతింది. శభాష్ అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, ఎత్తుకుని గిరగిరా తిప్పాను.

తర్వాత థెరపీ. స్ట్రా నీళ్ళలో పెట్టి బుడగలు ఊదుతూ "ఊ" అనడం, పెదవులు మూసి "మ్" అనడం. పిల్లలూ నాతోపాటు ఊదేవారు, హాలంతా నీళ్ళే. మూడోసారి స్కోప్‌లో బుడిపెలు దాదాపు కరిగిపోయాయి. "సర్జరీ అవసరం లేదు. మాట్లాడండి, మెల్లగ" అంది డాక్టరమ్మ. మార్చిలో హర్షిణి వాళ్ళు వెళ్ళిపోయారు.

ఇప్పుడు బడిలో నలుగురే మిగిలారు. నా గొంతు మునుపటంత పెద్దది కాదు, కానీ నాదే, బాగుంది. మెడలో చిన్న మైకు వేసుకుంటాను. నాలాగా మాటల మీద బతికేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. గొంతు బొంగురు మూడు వారాలు దాటితే కషాయాలతో కాలం గడపకండి, స్కోప్ వేసే ఇఎన్‌టి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మౌనంగా ఉండమంటే నిజంగా మౌనంగా ఉండండి.

హర్షిణిని అయిదులోనే కూర్చోబెట్టారు. నిన్న కోరుట్ల బస్టాండ్ నుంచి ఫోన్ చేసింది. "టీచరాంటీ, అమ్మ కండ్లద్దాలు మరిచిపోయింది. బస్సు బోర్డు నేనే సదివిన!"

"శభాష్" అన్నాను.

"ఏం ఇనపడ్తలేదాంటీ, జర గట్టిగ చెప్పు!"

"నేను చెప్ప పో. నువ్వే ఇంకో బోర్డు సదువు, నేనింట" అన్నాను.

చదివింది. బస్టాండ్ రొదలో ప్రతి అక్షరమూ వినిపించింది.