తోడు వెళ్లినవాడు

మొన్న సీతమ్మధారలో ఆక్యుపంక్చర్ చేసే సూదుల డాక్టరమ్మ ముందు చొక్కా విప్పి కూర్చున్నాను. కుడి భుజం పట్టేసి నెల దాటింది. వీపు గోక్కోవడం, తల దువ్వుకోవడం లాంటి సుఖాలన్నీ పోయాయి, చొక్కా గుండీలు పెట్టుకోవడానికే ఒక పూట పడుతోంది. ఆ క్లినిక్ రెండో అంతస్తులో ఉంటుంది, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులకి వైద్యం చేసే చోట అన్ని మెట్లు ఎందుకు పెట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మా ఆవిడ మోకాళ్లు ఆ మెట్లు ఎక్కలేవు కాబట్టి నాకు తోడు మా అక్క వచ్చింది. నా వెనక ప్లాస్టిక్ కుర్చీలో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. డాక్టరమ్మ నా భుజం అటూ ఇటూ తిప్పి చూసి, చేతులకి స్పిరిట్ రాసుకుంటూ, "స్కానింగ్ ఏమైనా చేయించారా?" అని అడిగింది. మామూలు ప్రశ్నే. కానీ నాకది కొత్త కాదు. ఏడేళ్ల కిందట ఇదే గదిలో, ఈ ఆకుపచ్చ తెర పక్కనే, ఆవిడ ఇదే మాట మా బావను అడిగింది. అప్పుడు తోడు వచ్చిన వాణ్ణి నేను.

మా బావ అంటే మా అక్క భర్త. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను ఆయన్ని బావా అనేవాణ్ణి, ఆయనా నన్ను బావా అనే పిలిచేవాడు. మావైపు మగవాళ్లు సగం మంది ఒకరికొకరు బావలే. ఆయన ప్లాంటులో ఉక్కు కరిగించే చోట క్రేన్ నడిపేవాడు. చాలా ఎత్తున వేలాడే చిన్న అద్దాల గదిలో కూర్చుని, ముందుకు వంగి కిందికి చూస్తూ, కరిగిన ఉక్కు నిండిన పెద్ద గిన్నెను ఒక చోటు నుంచి ఇంకో చోటికి తీసుకెళ్లాలి. దాన్ని వాళ్లు లాడిల్ అంటారు. అది తొణికితే కింద ఉన్నవాళ్ల గతి ఏమిటో చెప్పక్కర్లేదు. ముప్పై ఏళ్లకు పైగా ఆయన చేతిలో అది తొణకలేదు. ఇంట్లో కూడా అదే గర్వం. కూర్మన్నపాలెం క్వార్టర్లో ఆదివారం మా అక్క చేపల పులుసు దించగానే ఆ మట్టి దాక ఆయనే రెండు చేతులా పట్టుకుని, "సైడ్ ఇయ్యండి, లాడిల్ వస్తంది" అంటూ వంటింట్లోంచి బల్ల దాకా మెల్లగా నడిచి వచ్చేవాడు. ఒక్క చుక్క ఒలికితే ఒట్టు. "నీ లాడిల్ వచ్చేలోపు ఆకలితో మనుషులు సచ్చిపోతారు, తొందరగా రా" అని అక్క తిట్టేది.

నడుం నొప్పి ఆయనకి కొత్త కాదు. అన్నేళ్లు వంగి కూర్చున్న మనిషికి నడుం నొప్పి లేకపోతేనే వింత, క్రేన్ వాళ్లలో అది లేనివాణ్ణి పని దొంగ అనుకుంటారు. అయితే ఆ ఏడాది నొప్పి తీరు మారింది. కుర్చీలోంచి లేస్తూ ఒక్క క్షణం కళ్లు మూసుకునేవాడు. ప్లాంటు ఆస్పత్రికి వెళ్దామంటే మాత్రం ఇంతెత్తున లేచేవాడు. "ఏటి బావా నువ్వు! రిటైర్మెంటుకి ఎనిమిది నెలలుంది. ఇప్పుడు ఆస్పత్రి పుస్తకంలో ఎక్కితే నన్ను క్రేన్ మీంచి దింపేసి కింద రిజిస్టర్ ముందు కూకోబెడతారు. నాను కూకోను. ఆకరి రోజు ఆకరి లాడిల్ దింపి, నా కాళ్ల మీద నాను దిగుతాను." అక్కకి చెప్పొద్దని నా చేత ప్రభువు మీద ప్రమాణం చేయించుకున్నాడు. అక్కకి తెలిస్తే మర్నాడే చెయ్యి పట్టుకుని లాక్కెళ్తుంది, ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

అలా మొదలయ్యాయి మా యారాడ ప్రయాణాలు. ఆదివారం చర్చిలో ఆరాధన అయిపోగానే "చేపలకి వెళ్లొస్తాం" అని చెప్పి, నా స్కూటరు మీద గాజువాక, సింధియా దాటి, కొండ రోడ్డెక్కి అవతలి వైపు యారాడలో సముద్రం ఒడ్డుకి దిగేవాళ్లం. అక్కడ ఒక పెద్దమ్మ ఉండేది. ఆమె మగడూ మరుదులూ అందరూ వేటకెళ్లేవాళ్లే. వలలు లాగి లాగి భుజాలు పట్టేసినవాళ్లకి నూనె రాసి మర్దనా చేసీ చేసీ ఆమె చేతికి ఒక పేరొచ్చింది. వరండాలో పీట మీద కూర్చోబెట్టి, వాము, వెల్లుల్లి వేసి కాచిన నువ్వుల నూనె గోరువెచ్చగా ఉండగానే వీపున పోసేది. మా బావ నోరు తెరిచి ఇదిగో ఇక్కడ అనబోతే చిరాకు పడేది. "నొప్పెక్కడో నువ్ సెప్పకు బాబూ. నా సెయ్యి ఎతుక్కుంటది." నిజంగానే వెతుక్కునేది. ఆమె బొటనవేలు వీపంతా ఊరు చూడ్డానికొచ్చినదానిలా తిరిగి తిరిగి, సరిగ్గా ఆ చోట ఆగేది. బావ "అమ్మోరా" అని అరిచి, ఆనక క్రైస్తవుణ్ణని గుర్తొచ్చి నాలిక కరుచుకునేవాడు. లేచేటప్పటికి మనిషి తేలిగ్గా ఉండేవాడు. తిరిగొస్తూ వంజరం ముక్కలు కొనుక్కుని, వెల్లుల్లి నూనె వాసన చేపల వాసనలో కలిసిపోయిందని సంబరపడుతూ ఇల్లు చేరేవాళ్లం. ఆ ఆదివారాలన్నీ మేం తెచ్చిన అబద్ధాన్ని మా అక్క ప్రేమగా పులుసు పెట్టి మాకే వడ్డించింది.

ఆరో వారమో ఏడో వారమో, ఆ బొటనవేలు వీపు మధ్యలో ఒకచోట ఆగింది. పక్కకి వెళ్లి మళ్లీ అక్కడికే వచ్చింది. బావ ఆ రోజు అరవలేదు, పళ్లు బిగపట్టుకున్నాడు. పెద్దమ్మ చెయ్యి తీసేసి, కొంగుకి నూనె తుడుచుకుని, "ఇయ్యాళ్టికి సాలు. ఎల్లి కాసేపు గాలిలో కూకో" అని ఆయన్ని ఒడ్డుకి పంపేసింది. నన్ను ఇంటి పక్కకి, వలలు ఆరేసిన చోటికి పిలిచింది. "ఈ నొప్పి నాది కాదు బాబూ. కండ నొప్పయితే ఏలు కింద కదుల్తాది. ఇది కదల్లేదు. ఎముకలో ఉంది. పెద్దాస్పత్రికి తీసుకెల్లి పోటోలు తీయించు. జాగు సెయ్యకు." ఆయనకే చెప్పొచ్చు కదా అన్నాను. ఆమె నా వైపు, ఇంత వయసొచ్చి ఇది కూడా తెలీదా అన్నట్టు చూసింది. "వల లాగేవోడికి గాలొస్తందని సెప్తే సేతులొదిలేస్తాడు. సుక్కాని పట్టినోడికే సెప్పాల. తెచ్చినోడివి నువ్వు గదా." వాళ్ల పడవల మీద పద్ధతి అదేనట. ఆమె దగ్గరా అదే పద్ధతి. చెడు మాటేదైనా ఒళ్లు పట్టించుకున్నవాడికి చెప్పదు, వెంట తెచ్చినవాడి చేతిలో పెడుతుంది. ఆ తర్వాత మా బావను ఆమె ముట్టుకోలేదు.

నేను పోర్టు ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసినవాణ్ణి. నా చేతికొచ్చిన కాయితాన్ని ఎవరికి అందాలో వాళ్లకి అందించడమే నా ఉద్యోగం. ఈ ఒక్క మాట అక్కకి అందించడం నా వల్ల కాలేదు. కొండ దిగుతూ బావకే చెప్పేశాను. వెనక సీటు మీంచి ఆయన నా భుజం మీద చెయ్యేసి, "ఆరు నెలలు బావా. ఆరే. తరవాత నువ్ ఏ ఆస్పత్రికి రమ్మంటే ఆ ఆస్పత్రికి వస్తాను" అన్నాడు. బతిమాలినట్టు అన్నాడు. ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి. నాకు జాలేసింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ కొంచెం తేలిగ్గా కూడా అనిపించింది. చదువూ సంధ్యా లేని ముసలామె చేతివేలికి ఎక్స్‌రే కళ్లుంటాయా అని నాకు నేనే చెప్పుకున్నాను. అటూ ఇటూ కాకుండా మధ్య దారి ఒకటి వెతికాను. మా ఆఫీసులో ఎవరో చెబితే సీతమ్మధారలో ఈ సూదుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకొచ్చాను.

ఆవిడ మంచి డాక్టరు, ఆ మాట ముందే చెప్పాలి. నాడి చూసింది, నాలిక చూసింది, ఎప్పటి నుంచి, ఎక్కడ, ఏ వేళ ఎక్కువ అని అరగంట అడిగింది. చివరికి "స్కానింగ్ చేయించారా? అది చూడకుండా ఈ వయసులో నడుముకి నేను సూది పెట్టను" అంది. బావ తడుముకోకుండా, "చేయించామండీ, అంతా నార్మలే. రిపోర్టు ఇంటికాడ ఉండిపోయింది" అన్నాడు. ఆవిడ ఆయన మాట పూర్తిగా నమ్మలేదు. తల తిప్పి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న నా వైపు చూసింది. ఇంటి మనిషి, చదువుకున్నవాడు, అబద్ధం చెప్పడనుకుని ఉంటుంది. బావ కూడా చూశాడు. నేను తల ఊపాను.

సూదులు పనిచేశాయి, అదే విచిత్రం. సన్నటి సూదులు, గుచ్చినట్టే తెలీదు. బోర్లా పడుకున్న మా బావ వాటితో ముళ్లన్నీ నిక్కబొడుచుకున్న చేపలా ఉండి, "బావా, నన్ను పులుసు పెట్టెయ్యకండి" అని జోకులేసేవాడు. వారానికి రెండుసార్లు వెళ్లేవాళ్లం. రాత్రిళ్లు నిద్ర పడుతోందన్నాడు. మా అక్క కూడా "ఈ మద్దిన ఆయన మొకం తేటగా ఉంది" అంటే, చూశావా పెద్దమ్మా, నీ వేలు పొరపాటు పడింది అని లోపల గెలిచినట్టు సంతోషపడ్డాను. నొప్పిని తగ్గించాం. నొప్పి ఏం చెప్పడానికొచ్చిందో దాన్ని మాత్రం చెప్పనివ్వలేదు.

రిటైర్మెంటు ఇంకా రెండు నెలలుందనగా, ఒక పగటి షిఫ్టులో, క్రేన్ దిగే ఇనప నిచ్చెన మొదటి మెట్ల మీద ఆయన కాళ్లు చచ్చుబడ్డాయి. గిన్నె భద్రంగా దింపేశాకే అలా అయిందని తోటివాళ్లు తర్వాత ఎంతో గౌరవంగా చెప్పారు. తాళ్లు కట్టి, స్ట్రెచరు మీద కట్టి, కిందికి దించారు. తన కాళ్ల మీద తాను దిగాలనే కదా అంతా దాచింది! వెన్నులో క్యాన్సర్ గడ్డ అన్నారు, అది మొదలైన చోటు వేరే అన్నారు. ఆస్పత్రి వరండాలో పెద్ద డాక్టరు మా అక్కతో, "నాలుగు నెలలు ముందు తీసుకొచ్చుంటే చేయడానికి చాలా ఉండేదమ్మా" అన్నాడు. అక్క పక్కన నేను నిలబడే ఉన్నాను. వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నాను. సరిగ్గా సరిపోయాయి. రిటైర్మెంటు రోజు ప్లాంటు వాళ్లు శాలువా తెచ్చి మంచం మీదే కప్పారు. ఆ తర్వాత ఆయన పంతొమ్మిది రోజులున్నాడు.

సమాధి కార్యక్రమం అయిన వారానికి ఒంటరిగా యారాడ వెళ్లాను. ఎందుకెళ్లానో తెలీదు. పెద్దమ్మ ఎవరి భుజమో పడుతూ, నన్ను చూడగానే "ఏడి మీ బావ?" అంది. నా ముఖం చూసి చేతులు కడుక్కుంది. అంతా చెప్పాను, తల ఊపడంతో సహా. ఆమె నన్ను తిట్టలేదు, ఏడ్చింది. ఆనక అడిగింది. "ఆయనింటిదానికి సెప్పినావా?" లేదన్నాను. "మరి నాకెందుకు సెప్తన్నావ్? ఎల్లి సెప్పు."

జ్ఞాపకార్థ కూడిక అయిపోయి, జనం భోజనాలు చేసి వెళ్లిపోయాక, వంటింట్లో మా అక్క ఖాళీ దాక తోముతుంటే చెప్పాను. యారాడ, పెద్దమ్మ మాట, సీతమ్మధార, నా తల. అక్క చెయ్యి ఆగింది. కుళాయి కట్టేసింది. "అన్నేళ్లు ఆ మడిసి పక్కన పడుకున్నదాన్ని నాను. నన్నొక్కసారి అడగొచ్చు గదరా" అంది. అంతే. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. మా చర్చిలో ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క కూర్చుంటారు కాబట్టి సంఘంలో ఎవరికీ తెలియలేదు. ఆదివారాలు ఆమె ఇంటి నుంచి మా ఇంటికి వచ్చే పులుసు క్యారియరు రావడం మానేసింది. నేను పెద్దమ్మ మాట దాచినవాణ్ణి, నాకు అంతకంటే ఏం రావాలి?

ఆరేళ్ల పైన గడిచాయి. ఈ నెల నా భుజం సంగతి మా ఆవిడ ఫోనులో చెప్పిందట. మర్నాడు పొద్దున్నే తలుపు తీసేసరికి గుమ్మంలో అక్క. సంచి చంకన ఉంది. నన్ను ఎగాదిగా చూసి, "ఏటలా సూస్తన్నావ్? సొక్కా ఏసుకో, ఎల్దాం" అంది. వెళ్లి చొక్కా తెచ్చుకున్నాను.

డాక్టరమ్మ ప్రశ్నకి నేను జవాబు వెతుక్కునేలోపు, అలవాటు కొద్దీ ఆవిడ తల తిప్పి తోడు వచ్చిన మనిషి వైపు చూసింది. నేను వెనక్కి తిరగలేకపోయాను. "లేదండీ, సెయ్యించలేదు" అంది మా అక్క. "ఏం కావాలో రాసియ్యండి. రేపు నానే తీసుకెల్లి సెయ్యిస్తాను. అది సూసినాకే సూదులు." డాక్టరమ్మ నవ్వి, మామూలు పట్టేయడమే అయుంటుంది, అయినా చూడ్డం మంచిదే అని చీటీ రాసింది. అక్క లేచి వచ్చి నాకు చొక్కా తొడిగింది. "అక్కా, ఆ రోజు ఇక్కడే..." అన్నాను. "కదలకు, గుండీ పెట్టనియ్యి" అంది. పైనుంచి కిందికి ఒక్కొక్క గుండీ పెట్టింది. కాలరు సరిచేసింది. ఆ రోజు నేను తల ఊపడానికి ఎంతసేపు పట్టిందో, మొన్న అక్క లేదండీ అనడానికీ అంతసేపే పట్టింది. ఆ రెండింటి మధ్య ఏడేళ్లున్నాయి, వాటిలో మా బావ లేడు.