ఖర్జూరం తోటలో సన్నమంట

ఇవాళ ఇక్కడ గల్ఫ్‌లో, రోలా బస్టాండులో బస్సు కోసం నిలబడి ఉంటే ఎండిన ఖర్జూరపు మట్టలు నింపుకున్న లారీ ఒకటి నా ముందు నుంచి పోయింది. ఏ తోటవాళ్లో సమయానికి ఎత్తించుకున్నారన్నమాట. సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది. కరోనా తగ్గిన కొత్తలో అల్ ఐన్ దగ్గర మేం పనిచేసిన తోటలో ఇలాంటి లారీ కోసమే మా బావా నేనూ ఎదురుచూసి విసిగిపోయాం.

బావంటే మా అక్క భర్త. నిర్మల్ వైపు టేకు అడవిలో ఫారెస్టువాళ్ల దగ్గర కూలికి పోయి మంట పెట్టడం నేర్చుకున్న మనిషి. అక్కడ చలికాలం చివర, ఆకులో ఇంకా మంచు తడి ఉండగానే, బాటల వెంట గాలికి ఎదురుగా సన్నమంట నడిపించి రాలిన ఆకును కాల్చేస్తారు. అలా చేస్తే ఎండాకాలంలో ఎవడైనా బీడీ పారేసినా అడవి అంటుకోదు. మంట మోకాలు దాటితే బావకు పరువు పోయినట్టుండేది. ఇక్కడ మా లేబర్ క్యాంపులో వంట వంతు వచ్చినప్పుడు మాత్రం అన్నం మాడ్చకుండా దించింది లేదు, అది వేరే సంగతి. తోటలో చెట్ల నడుమ మట్టలు నడుమెత్తు పేరుకుపోయాయి. ఎత్తించమంటే తోట మేనేజరు, మేం ముదీర్ అనేవాళ్లం, రేపనేవాడు, ఆ రేపు నెలల తరబడి సాగింది. బావ వెంటపడి వెంటపడి ప్రాణం తీస్తే, ఆయన ఎవరెవరినో అడిగి అనుమతి తెచ్చి, గోడ పక్క వరుస ఒక్కటి కాల్చి చూపించమన్నాడు. అది సరిగ్గా జరిగితే తోటంతా బావ చేతికే.

చెట్లకు వేలాడే ఎండు మట్టలను ముందు కొట్టేద్దామని నేనన్నాను. నిచ్చెన తెచ్చేలోపు గాలి మారుతుందని బావ తొందర.

"అగ్గి కింద పాకుతది బామ్మర్దీ, మీదికెందుకు పోతది? నాకే చెప్తున్నవా?"

టేకు అడవిలో ఎండాకంతా నేల మీదే ఉంటుంది. ఖర్జూరం చెట్టు తన ఎండునంతా ఒంటికే చుట్టుకుని నిలబడుతుంది. మంట వరుస పొడుగునా బావ మాట విని, చివర్లో ఒక వేలాడే మట్టను అందుకుని బోదె వెంట పైకి ఎగబాకింది. నీళ్ల ట్యాంకరు వచ్చేసరికి మూడు చెట్లు నల్లబడ్డాయి. ముదీర్ అరవలేదు.

"ఖలాస్. ఆగ్ కా బాత్ ఖతమ్," అన్నాడు, ఇక మంట మాటే ఎత్తొద్దన్నట్టు.

నెల తిరక్కుండా బావ వీసా రద్దయింది. నిచ్చెన వేసుకుంటే ఒక్క పూట పని! ఆ మొండితనం మీద నాకు ఇప్పటికీ కోపమే, రేపురేపన్న ముదీర్ మీద అంతకన్నా కోపం. మట్టలు ఇంకా పెరిగాయి, వాటి జోలికి పోయేవాడే లేడు. ఏడాది తిరిగేసరికి కాలిన చెట్ల తలల్లోంచి పచ్చటి మట్టలు లేచాయి. ఫోటో తీసి బావకు పంపాను. చూసి, ఆ పొద్దు గాలి ఎటు ఉందని మళ్లీ అడిగాడు. చెట్టుకు ఒక్క ఏడాది సరిపోయింది, మా బావకు మాత్రం ఎన్ని చలికాలాలు గడిచినా ఆ పొద్దు గడవలేదు.