తిమ్మప్ప నవలలో తొలి చావు

తిమ్మప్ప నవల మొదలుపెట్టాడంటే ఊళ్లో ఎవరో ఒకరు చావాల్సిందే. మొదటి పేజీలోనే ఒకరు గుటుక్కుమనకపోతే చదివేవాడు పుస్తకం మూసేస్తాడట. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టుకునే మనిషికి ఈ పిచ్చి ఎవరు నూరిపోశారో గానీ, మనిషి మాత్రం మహా మర్యాదస్తుడు. ఇంటికొచ్చి, అడిగి మరీ చంపేవాడు.

"ఓబమ్మక్కా, నిన్ను బాయిలోకి తోసేదా, పాముతో కరిపించేదా?"

"నీ నోట్లో మన్ను బొయ్యా! మా బర్రె ఈనల్ల ఇంకా. అంతవరకు నేను సచ్చేది లేదు పో!"

సరేనని కాగితం చించేసి శివప్ప ఇంటికి పోయాడు. శివప్పకు చావడానికి అభ్యంతరం లేదు. కాకపోతే శవం మీద పట్టంచు పంచె కప్పినట్టు రాయాలన్నాడు. "పట్టంచుదే కప్పల్ల. లేకుంటే సావను." ఆ అంచు రంగు దగ్గర ఇద్దరికీ చెడింది. అలా ఊరంతా క్షేమంగా ఉంది, నవల మాత్రం మొదటి పేజీ దాటలేదు.

సుబ్బరత్నమ్మకు ఈ గోలంతా భలే సరదా, తన గడప తొక్కనంతవరకు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. వేరుశనగ ఊడలు దిగకముందే చేను మాడిపోయింది. ఆమె కొడుకు నాగన్న మాట మానేశాడు, తిండి మానేశాడు, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె పురుగుల మందు డబ్బా పెరట్లో పూడ్చిపెట్టి, వాకిట్లో కాపలా కూర్చుంది.

సరిగ్గా అప్పుడు దిగాడు తిమ్మప్ప, చంకలో కాగితాలతో.

"అత్తా, నాగన్న బావ ఉండాడా? మొదటి పేజీలో బావను చంపుదామని."

సుబ్బరత్నమ్మ చీపురు అందుకుంది. "నీ నవల తగలబడ! యాడ ఏం మాట్లాడల్లో తెలీదేమిరా నీకు?"

రెండు దెబ్బలు తిని కూడా లోపలికి దూరి, మంచం పక్కన చతికిలబడ్డాడు.

"బావా, విను. 'నాగన్న పోయినాడు. పీడా వదిలిందని ఊరంతా ఊపిరి పీల్చుకుండాది.'"

మంచం మీద ఉలుకూ పలుకూ లేదు.

"'ఎందుకంటే నాగన్నకు గొర్రు పట్టేది రాదు. వాడు ఇత్తనమేస్తే సాళ్లు పాము పోయినట్ల వంకర.'"

మంచం కిర్రుమంది. నాగన్న లేచి కూర్చున్నాడు. "ఎవుర్రా వంకర? నా సాళ్లు చూసి పక్కూరు గుమ్మఘట్టోళ్లు నేర్చుకున్నారు!"

"సచ్చినోనికి కోపమేంది బావా?"

"నేనెందుకు సస్తాన్రా? చించు ఆ కాగితం!"

"మరి నా మొదటి పేజీ?"

"నేను చెప్తా, రాస్కో. 'తొలి వాన పడింది. నాగన్న గొర్రు కట్టినాడు.' రాయ్రా! అమ్మా, ఆకలైతాంది. వీనికీ పెట్టు, రాసే ఓపిక రావల్ల."

సుబ్బరత్నమ్మ వంటింట్లోకి పరుగెత్తింది. కొడుకు సంగటి తిని, ఎద్దులకు నీళ్లు పెట్టడానికి బయటికి పోయాక తిమ్మప్పను నిలదీసింది. "నిజం చెప్పు. నవల కోసరమేనా వచ్చింది?"

తిమ్మప్ప తల గోక్కున్నాడు. "మంచమెక్కకముందు చేని గట్టున బావ మొగం చూసినా. కాగితం మీద సావైతే చించేయొచ్చు గదత్తా."

ఆమె చీపురు మూలన పడేసి, సంగటి గిన్నె అతని ముందుకు జరిపింది.

తిమ్మప్ప ఏడుపు మొహం పెట్టాడు. "ఏమైనా గానీ, నీ కొడుకు బతికి నా నవల చెడగొట్టినాడు."

"చెడిపోనీలేప్పా," అంది సుబ్బరత్నమ్మ. "ఇంకో ముద్ద తిను."