మూతపెట్టిన వేన్నీళ్ల గ్లాసు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు భయం కాదు, విసుగు. అమెరికాలో, బాతెల్ అనే ఊళ్లో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో క్వాలిటీ విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. ఎవరైనా వచ్చి ఫలితం వింతగా ఉందంటే, ముందు గాజుసామాను సరిగ్గా కడిగారా అని అడగడం నా ఉద్యోగం. పార్టీల్లో ఎవరైనా "మా పాత అపార్ట్‌మెంట్‌లో ఒకసారి..." అని మొదలుపెడితే ప్లేటు పట్టుకుని పక్క గదిలోకి వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు నేనే అలాంటిది రాస్తున్నాను. మీరూ ప్లేటు పట్టుకుని వెళ్లిపోతే నేనేమీ అనుకోను.

ఇది 2011 జూలైలో జరిగింది. అప్పటికి అమ్మ పోయి రెండేళ్లు.

మేం ఇద్దరం ఆడపిల్లలం. అక్క వర్జీనియాలో, షాంటిలీలో ఉంటుంది. నేను ఇక్కడ సియాటెల్ పక్కన బాతెల్‌లో. నాన్న మా చిన్నప్పుడే పోవడంతో అమ్మ చివరి పదేళ్లూ ఆర్నెల్లు అక్క దగ్గర, ఆర్నెల్లు నా దగ్గర ఉండేది. పోయింది మా ఇంట్లోనే.

కొడుకులు లేరు కాబట్టి పెద్ద తంతేమీ లేదు. తిథినాడు గుడిలో స్వయంపాకం ఇచ్చి, ఇంట్లో అమ్మకి ఇష్టమైనవి వండి, ఫోటో ముందు పెట్టి, తర్వాత మేం తినడం. ఇంత చిన్న పనికి మా అక్కాచెల్లెళ్లం ఏడాదిపాటు మాట్లాడుకోవడం మానేశామంటే ఎవరూ నమ్మరు. గొడవంతా తేదీ గురించే. ఇండియాకీ మాకూ వేసవిలో పన్నెండున్నర గంటల తేడా. అక్కడ ఆదివారం వచ్చే తిథి ఇక్కడ శనివారమే వచ్చి వెళ్లిపోతుంది. అమ్మ పోయింది బాతెల్‌లో కాబట్టి బాతెల్ టైమే చూడాలని నేను. ఇండియా క్యాలెండరే క్యాలెండరని అక్క. మొదటి ఏడాది ఆవిడ ఒక రోజు, నేను ఒక రోజు, ఎవరింట్లో వాళ్లం పెట్టుకున్నాం. ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి. ఆపైన ఆగిపోయాయి.

రెండో ఏడాది బావగారు మధ్యలో పడి, ఇద్దరూ ఒకే చోట, ఒకే రోజు చెయ్యాలని ఒప్పించారు. వాళ్లు మా ఇంటికి వచ్చారు. నేను ముందే ఇక్కడి గుళ్లో పూజారిగారిని అడిగి చీటీ రాయించుకొచ్చాను. ఆషాఢ బహుళ విదియ శనివారం, రాత్రి తొమ్మిదిదాకానే ఉంటుందని రాశారు. ఆ చీటీ ఫ్రిజ్ మీద అంటించాను. అక్క దాన్ని చదివి, "మా పంతులుగారు ఆదివారం అన్నారే" అని ఫ్రిజ్ తలుపు తీసి పెరుగు బయట పెట్టింది. నాకు ఒళ్లు మండింది. కానీ మళ్లీ ఏడాది మాట్లాడకుండా ఉండే ఓపిక లేక, సరే ఆదివారమే అన్నాను.

అలా శనివారం ఖాళీ అయింది. మా ఆయన శ్రీధర్‌కి వియత్నాంలోని సైగాన్ వెళ్లి వీధుల్లో తిరుగుతూ తినాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. అంత సెలవు ఎప్పుడూ దొరకలేదు. సియాటెల్‌లో వియత్నాంవాళ్ల షాపులుండే పేటలో సాయంత్రంపూట గైడ్‌తో నడిచి తినే టూర్ ఉందని ఎవరో చెబితే, నలుగురికీ బుక్ చేసేశాడు. అందరం వెజిటేరియన్ అని కూడా రాశాడు. నాకు అస్సలు ఇష్టం లేదు. నా లెక్క ప్రకారం ఆ రోజు అమ్మ తిథి. ఆ మాట అంటే మళ్లీ గొడవ. నోరు మూసుకుని కారెక్కాను.

గైడ్ పేరు లాన్. ముప్పై ఏళ్లుంటాయి, సైగాన్‌లో పుట్టి ఇక్కడ పెరిగిన పిల్ల. ఆవిడ చేతిలో కాగితం నేను చూశాను. నలుగురు, వెజిటేరియన్ అని ఉంది. టూర్‌లో మేం తప్ప ఇంకెవరూ లేరు. ఆరు దాటినా ఎండ మధ్యాహ్నంలా ఉంది. ఇది చీకట్లో జరిగిన విషయం కాదని చెప్పడానికే ఈ వివరం.

మొదటి షాపులో బియ్యప్పిండిలో పసుపు కలిపి పోసిన అట్టు పెట్టారు. అంచులు కరకరలాడుతూ బాగుంది. బావగారు సగం తినేసి, "మన అట్టే! చట్నీ ఒక్కటే తక్కువ" అన్నారు. మా నలుగురికీ ఐస్ వేసిన నీళ్లు వచ్చాయి. వాటితోపాటు టేబుల్ చివర, ఎవరూ కూర్చోనిచోట, ఇంకో గ్లాసు పెట్టారు. దాని మీద సాసర్ బోర్లించి ఉంది.

ఎవరిదో మాకు పెట్టారనుకున్నాను. మూత తీస్తే వేన్నీళ్లు. టీ కాదు, నిమ్మకాయ కూడా లేదు, ఉత్త వేన్నీళ్లు. వడ్డించే అమ్మాయిని పిలిచి, మేం అడగలేదని వెనక్కి ఇచ్చేశాను. ఆ పిల్ల మా టేబుల్ వైపు చూసి, "మీరే అడిగారు కదా" అంది. రద్దీలో పొరపాటు పడిందనుకున్నాను. నిజానికి అప్పుడు షాపులో పెద్ద రద్దీ లేదు.

రెండోది శాండ్‌విచ్‌లు, చెరకు రసం అమ్మే కొట్టు. కుర్చీల్లేవు, కౌంటర్ దగ్గర నిలబడి తినాలి. గాజు గ్లాసులూ లేవు, అన్నీ పేపర్ కప్పులే. నాలుగు చెరకు రసాలతోపాటు ఐదో కప్పు వచ్చింది. వేన్నీళ్లు. కాఫీ కప్పులకి పెట్టే ప్లాస్టిక్ మూతలు అక్కడే దొంతరగా ఉన్నాయి. అవి వాడకుండా, ఒక చిన్న పేపర్ ప్లేటు బోర్లించి తెచ్చారు.

అక్క తినడం ఆపి నావైపు చూసింది. ఎందుకు చూసిందో నాకు తెలుసు.

అమ్మ బయట ఎక్కడికెళ్లినా వేన్నీళ్లే అడిగేది. మండువేసవిలో కూడా. తెచ్చాక సాసరో చిన్న ప్లేటో ఇంకోటి అడిగి మూత పెట్టుకునేది. తాగినంత తాగి మళ్లీ మూత పెట్టేది. ఇక్కడివాళ్లకి వేన్నీళ్లు అంటే అర్థం కాక టీ బ్యాగ్ వేసి తెచ్చేవాళ్లు. అమ్మ వెనక్కి పంపేది. ఆ తతంగం నాకు ప్రాణం మీదికొచ్చేది. ఒకసారి మా టీమ్‌వాళ్లు కూడా ఉన్న రెస్టారెంట్‌లో, ప్లేటు కోసం అమ్మ రెండోసారి చెయ్యెత్తేసరికి నేను గట్టిగానే అరిచాను. "అమ్మా, ఇక్కడ ఈగలుండవు. ఒక్కసారి అందరిలాగా ఇచ్చిన నీళ్లు తాగితే ఏం పోతుంది?" అమ్మ చెయ్యి దించేసింది. ఆ తర్వాత నాతో బయటికొచ్చినప్పుడు ఎక్కడా నీళ్లు అడగలేదు. ఇంటికొచ్చి తాగేది. ఆ సంగతి అమ్మ పోయాక గాని నాకు గుర్తుకు రాలేదు. ఆ మాట అన్నందుకు నేను పడ్డ బాధ ఎవరికీ చెప్పలేదు, అక్కకి అసలే చెప్పలేదు.

ఆ కప్పును కూడా కౌంటర్ అవతలికి తోసేశాను. ఈసారి పొరపాటు అనుకోలేదు, అక్క పని అనుకున్నాను. ఆదివారమే అని నెగ్గించుకున్నది చాలక, నన్ను ఏడిపించడానికి లాన్‌కి ముందే చెప్పి పెట్టిందని నా అనుమానం. రోడ్డు మీదకి రాగానే అడిగేశాను. అక్క నాకంటే గట్టిగా అరిచింది.

"నేను చెప్పించానా? నువ్వు కాదూ! ఇవాళే తిథి అని నన్ను ఒప్పించడానికి ఈ డ్రామా ఆడుతున్నావనుకున్నాను. సిగ్గు లేదుటే నీకు, అమ్మతో ఆటలా?"

మగవాళ్లిద్దరూ పేవ్‌మెంట్ మీద అటు తిరిగి నిలబడ్డారు. లాన్ ఏమైందని అడిగితే, మా అమ్మగారి ఆబ్దికం గురించని బావగారు చెప్పారు. ఆ పిల్ల పెద్దగా ఆశ్చర్యపోలేదు. వాళ్లూ చంద్రుడి లెక్కనే చేస్తారట. పోయినవాళ్లకి ఇష్టమైనవన్నీ వండి, ఒక గిన్నె, చాప్‌స్టిక్స్ విడిగా పెడతారట. సైగాన్ రోజా, సియాటెల్ రోజా అని వాళ్ల మామయ్యలు ఇప్పటికీ కొట్టుకుంటారట. "ప్రతి ఇంట్లో ఇదే గోలా!" అని బావగారు నవ్వారు. మాకు నవ్వు రాలేదు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. లాన్‌కి ఈ సంగతి తెలిసేటప్పటికే రెండుసార్లు వేన్నీళ్లు వచ్చాయి. మూత సంగతి అప్పుడు కూడా ఎవరూ చెప్పలేదు.

మూడోది నూడిల్ సూప్ షాపు. ఈసారి నేను ఒక జాగ్రత్త తీసుకున్నాను. లోపలికి వెళ్లగానే ఓనరమ్మ దగ్గరికి నేనే వెళ్లి, నాలుగు వేళ్లు చూపించి, నాలుగు గ్లాసులు, ఐస్ వాటర్, ఇంకేమీ వద్దని చెప్పాను. లాన్ వాళ్ల భాషలో మళ్లీ చెప్పింది. ఆవిడ తలూపింది.

పదినిమిషాల్లో సూప్‌లు వచ్చాయి. నాలుగు గ్లాసుల ఐస్ వాటర్ వచ్చింది. వాటి వెనకే ఆవిడ స్వయంగా, రెండు చేతులతో పట్టుకుని, సాసర్ మూతపెట్టిన గ్లాసు తెచ్చి టేబుల్ చివర పెట్టింది.

నేను లాన్ మీద విరుచుకుపడ్డాను. ఆ పిల్ల పాపం ఎర్రబడిపోయి ఓనరమ్మని అడిగింది. మీ టేబుల్‌వాళ్లే అడిగారంటోంది అంది. ఎవరని అడిగించాను. ఆవిడ మా నలుగురినీ వరసగా చూసి, భుజాలెగరేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. అంతకుమించి ఏమీ చెప్పలేదు. చెప్పిందని నేను కల్పించనూ లేను.

శ్రీధర్ ఆ గ్లాసుని ఫోన్‌తో ఫోటో తీశాడు. అది ఇప్పటికీ ఉంది. ఫోటోలో టైమ్ ఎనిమిదీ పది.

"ఉండనీయవే వసూ" అంది అక్క. "ఎవరు తెస్తే ఏం, అక్కడ ఉండనీ."

నేను ఉండనివ్వలేదు. నాకు అప్పటికి విసుగు నెత్తికెక్కింది. ల్యాబ్‌లో ఒకే తప్పు మూడుసార్లు జరిగితే, ఎవరో కావాలని చేస్తున్నట్టే లెక్క. గ్లాసు తీసుకెళ్లి కౌంటర్ మీద పెట్టి, థాంక్యూ, అక్కర్లేదు అని చెప్పి వచ్చాను. తిరిగి వచ్చేసరికి అక్క కళ్లు తుడుచుకుంటోంది. సూప్ చల్లారిపోయింది. ఎవరం సరిగ్గా తినలేదు.

ఆఖరిది స్వీట్ల షాపు. నడిచి వెళ్లి కూర్చునేసరికి తొమ్మిది దాటింది, అప్పుడే పొద్దు వాలుతోంది. పెసరపప్పూ కొబ్బరిపాలూ వేసిన తియ్యటి పాయసంలాంటిది పెట్టారు. అమ్మకి చాలా నచ్చేది. నేను చెంచా పట్టుకుని వంటింటి తలుపు వైపే చూస్తున్నాను. అక్కా అటే చూస్తోంది.

నాలుగు గ్లాసులు వచ్చాయి. నాలుగింట్లోనూ ఐస్.

ఇంకాసేపు చూశాం. ఐదోది రాలేదు. లాన్ ఊపిరి పీల్చుకుంది. సాయంత్రమంతా ఎప్పుడు ఆగుతుందా అని తిట్టుకున్నదాన్ని, ఆగిపోతే కూర్చోలేకపోయాను. లేచి కౌంటర్ దగ్గరికెళ్లి అడిగాను. ఒక గ్లాసు వేన్నీళ్లు కావాలి, టీ వద్దు, నిమ్మకాయ వద్దు, ఉత్త వేన్నీళ్లు. అమ్మ అడిగినప్పుడల్లా నేను తల దించుకున్న మాటలే. కౌంటర్ వెనకున్న కుర్రవాళ్లు పక్కకి చూసి నవ్వినట్టనిపించింది. నవ్వనీ అనుకున్నాను.

గ్లాసు ఇచ్చారు. దాని మీద మూత లేదు. తెచ్చి టేబుల్ చివర పెడితే, అక్క తన గిన్నె కిందున్న సాసర్ తుడిచి బోర్లించింది. షాపు మూసేదాకా అలాగే కూర్చున్నాం.

ఇంటికొచ్చాక అక్క చెప్పులు కూడా విప్పకుండా ఫ్రిజ్ దగ్గరికెళ్లి చీటీ చదివింది. శనివారం, రాత్రి తొమ్మిదిదాకా. రెండుసార్లు చదివింది. మర్నాడు ఆదివారం ఇద్దరం కలిసి వండాం. ఫోటో ముందు వేన్నీళ్ల గ్లాసు అక్క పెట్టింది, మూత నేను పెట్టాను. అప్పటినుంచి ఎవరింట్లో చేస్తే ఆ ఊరి తిథే చూస్తున్నాం. అక్క ఒక్కసారి కూడా వాదించలేదు. వారానికి రెండుసార్లు ఫోన్ చేసుకుంటాం.

నేను ఊరుకోలేదు. రెండు వారాల తర్వాత లాన్‌కి ఫోన్ చేసి సారీ చెప్పి, మూడు షాపుల్లోనూ కనుక్కోమన్నాను. ఆ రోజు మా టేబుల్ నుంచి అడిగింది ఎవరో ఎవరికీ గుర్తులేదట. గిరాకీలకి ఉత్త వేన్నీళ్లు ఇచ్చే అలవాటు వాళ్లెవరికీ లేదట. మన మొహాలు చూసి ఇచ్చారేమో అని శ్రీధర్ ఒక వివరణ చెబుతాడు. ఇండియావాళ్లు చాలామంది అలాగే అడుగుతారు కదా అని. అది ఒప్పుకుంటాను. మూతల సంగతి మాత్రం ఆ వివరణలో ఇమడదు. తొమ్మిది దాటాక నాలుగో చోట రాకపోవడమూ ఇమడదు.

దయ్యాలను నమ్ముతావా అని ఇప్పుడడిగినా, లేదనే చెబుతాను. ఆ సాయంత్రం వేన్నీళ్లు ఎవరు అడిగారో నాకు తెలియదు, తెలుస్తుందన్న ఆశ కూడా పోయింది. నాకు ఖాయంగా తెలిసింది ఒక్కటే. మూడుసార్లు వచ్చాయి. మూడుసార్లూ వెనక్కి పంపింది నేనే.